డీజిల్ డిజైర్‌లో గోకవరం నుంచి హైదరాబాద్ దాకా

మా బాబాయి ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. సర్వీసులో ఎక్కువ భాగం ఏజెన్సీ రూట్లలోనే గడిచింది. 2013లో కొనుక్కున్న డీజిల్ డిజైర్‌ను ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ చేతికి ఇవ్వలేదు. ఈమధ్య కంటి ఆపరేషన్ అయ్యాక, ఎదురుగా వచ్చే లైట్లు చూడలేకపోతున్నానని, ఇక స్టీరింగ్ పట్టనని తేల్చి చెప్పేశాడు. బండిని బయటివాళ్ళకు అమ్మడం ఇష్టం లేక నన్ను పట్టుకెళ్ళమన్నాడు.

నేను నేర్చుకున్నది పెట్రోల్ ఆల్టో మీద. ఆ తర్వాత నడిపిందీ అదే. రైల్లో రాజమండ్రి వెళ్ళి, అక్కణ్ణుంచి గోకవరం చేరి, బాబాయిని, పిన్నిని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్ళి, దర్శనం చేసుకుని, ఖమ్మం దారిలో హైదరాబాద్ వచ్చేయాలన్నది ప్లాన్. విజయవాడ హైవే మీద వస్తే ఇంత తిరుగుడు ఉండదు. కానీ బాబాయి ఒప్పుకోలేదు. "డీజిల్ బండి గుణం హైవే మీద తెలీదమ్మా. ఘాట్ ఎక్కితే తెలుస్తుంది. నేను పక్కన ఉండగానే తెలుసుకో" అన్నాడు.

గురువారం – గోకవరం

డిసెంబరు కదా, పొద్దున్న ఏడింటికి కూడా మంచు పూర్తిగా విడలేదు. తాళం పెట్టి ఒక మెట్టు తిప్పి ఆగమన్నాడు బాబాయి. మీటర్ల మధ్య చుట్టలు చుట్టిన తీగలాంటి పసుపు గుర్తు వెలిగింది. "అది ఆరాక స్టార్ట్ చెయ్యి."

పెట్రోల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టించి మంట అంటిస్తుంది. డీజిల్ ఇంజన్లో ఆ రవ్వే ఉండదు. సిలిండర్లో గాలిని నొక్కుతూ పోతే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. పెట్రోల్ ఇంజన్ గాలిని సుమారు పదో వంతుకు నొక్కితే ఈ ఇంజన్ పదిహేడో వంతుకు పైగా నొక్కుతుంది. చలికాలం పొద్దున్న ఇంజన్ మంచులా ఉన్నప్పుడు నొక్కిన గాలి వేడి చాలకపోవచ్చు కాబట్టి, గ్లో ప్లగ్‌లు ముందే లోపల కాస్త వెచ్చబరుస్తాయి. ఆ పసుపు గుర్తు చెప్పేది అదే. మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండిలో అయితే అది కనిపించిన వెంటనే ఆరిపోతోంది.

స్టార్ట్ అవగానే టకటకమంటూ చప్పుడు. ఆల్టోకీ ఆగి ఉన్నప్పుడు కాస్త వణుకు ఉంటుంది గానీ, ఇది వేరు. గేర్ రాడ్ మీద చెయ్యి వేస్తే అరచేతికి బరువుగా తెలుస్తోంది. తలుపు జేబులో పెట్టిన నీళ్ళ సీసాలో పైన సన్నటి అలలు లేస్తున్నాయి. ఇంజన్ వేడెక్కిన కొద్దీ చప్పుడు మెత్తబడింది, సీసాలో అలలు కూడా తగ్గాయి. బాబాయి బోనెట్ పక్కన నిలబడి అదంతా వినమన్నాడు. "ఈ చప్పుడు చెవికి పట్టించుకో. మీటరు చూసి కాదు, దీన్ని బట్టి గేరు మార్చాలి."

తర్వాత ఊరి బయట ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి, కుడికాలు యాక్సిలరేటర్ మీద పెట్టొద్దన్నాడు. ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ మెల్లగా వదలాలి, అంతే. ఆల్టోలో ఇలా చేస్తే బండి ఊగి ఆగిపోతుంది. కాస్త రేజ్ ఇస్తూ క్లచ్ వదలడం అలవాటైన కాలికి ఇది కొత్త సంగతి. క్లచ్ పట్టుకోగానే బండి తనంతట తాను కదిలింది. ముగ్గురు మనుషులతో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, గతుకుల్లో కూడా నడక వేగంతో సాగిపోయింది. నాకు నిజంగా ముచ్చటేసింది.

కాగితం మీద లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది. ఆల్టో 800 ఇంజన్ 796 సీసీ. దాని గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 69 న్యూటన్ మీటర్లు, అదీ 3500 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఈ డిజైర్ 1248 సీసీ ఇంజన్ 190 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ 2000 ఆర్పీఎం దగ్గరే. ఆల్టో పరుగు అందుకున్నాక బలం చూపిస్తే, ఇది పరుగు మొదలవకముందే చూపిస్తుంది. అంత బలాన్ని జారకుండా పట్టుకోవాలి కాబట్టి క్లచ్ స్ప్రింగు కూడా గట్టిదే. సాయంత్రానికి ఎడమ పిక్క లాగేసింది.

ఇంటికి వస్తూ బంకులో ట్యాంక్ నింపించాం. బంకు కుర్రాడు గన్ను చేతిలోకి తీసుకోకముందే "డీజిల్" అని చెప్పడం, కిందకు దిగి మీటరు దగ్గర నిలబడటం బాబాయి పద్ధతి. డీజిల్ నాజిల్ లావుగా ఉంటుంది, పెట్రోల్ బండి మూతిలో సాధారణంగా పట్టదు. పెట్రోల్ నాజిల్ మాత్రం డీజిల్ బండిలో సుబ్బరంగా దూరిపోతుంది. ప్రమాదమంతా అటువైపే. డీజిల్‌కు కొంత నూనెగుణం ఉంది, పంపు లోపలి భాగాలు దానితోనే అరిగిపోకుండా నడుస్తాయి. పెట్రోల్ పడితే ఆ జిడ్డు పోయి ఇనుముకు ఇనుము రాసుకుంటుంది. అలా జరిగిందని తెలిస్తే తాళం కూడా తిప్పకూడదట. బండిని పక్కకు తోయించి, ట్యాంక్ ఖాళీ చేయించాకే స్టార్ట్ చేయాలి. అలవాటు కొద్దీ నా నోటికి "పెట్రోల్" అని వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ట్యాంక్ మూత లోపలివైపు పెద్ద అక్షరాలతో స్టిక్కర్ అంటించాను.

శుక్రవారం – గోకవరం నుంచి మారేడుమిల్లి

దూరం తక్కువ. తొందర లేకుండా బయల్దేరాం. రంపచోడవరం దాకా రోడ్డు మలుపులు తిరుగుతూ, అక్కడక్కడా ఊళ్ళు, స్పీడ్ బ్రేకర్లు. టర్బో అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ స్పీడ్ బ్రేకర్ల దగ్గరే.

ఇంజన్ బయటికి వదిలే వేడిగాలి విసురుకు తిరిగే చిన్న చక్రం టర్బో. అది తిరుగుతూ బయటి గాలిని బలవంతంగా ఇంజన్లోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాలుతుంది, లాగుడు పెరుగుతుంది. అయితే ఆ చక్రం తిరగాలంటే ముందు ఇంజన్ కొంత వేగం అందుకోవాలి. ఈ బండిలో 1800, 2000 మధ్య ఎక్కడో అది అందుకుంటుంది. అంతకు కిందైతే యాక్సిలరేటర్ తొక్కినా ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఉరుకుతుంది.

ఆల్టో అలా చేయదు. తొక్కిన కొద్దీ ఇస్తూ పోతుంది, ఎంత పైకి తీసుకెళ్తే అంత హుషారుగా ఉంటుంది. నాలుగు వేలు దాటించి గేరు మార్చడం నాకు మామూలే. ఇక్కడ నాలుగు వేల దగ్గర చప్పుడే తప్ప లాగుడు మిగలదు. గరిష్ఠ పవర్ కూడా అక్కడే, దాని పైన తొక్కడం డీజిల్ దండగ. రెండు వేల నుంచి మూడు వేల దాకా ఉన్న ఆ కాస్త జాగాలోనే ఈ బండి ప్రాణం ఉంది. సూది అక్కడ నిలిచేలా గేర్లు చూసుకోవాలి. అందుకే గేర్లు త్వరత్వరగా పైకి మార్చాలి, స్పీడ్ బ్రేకర్ దాటాక మూడో గేరులో గునిసే బదులు వెంటనే రెండుకు దించాలి.

ఓవర్‌టేక్ గురించి బాబాయి చాలాసేపు చెప్పాడు. మన ముందు వెదురు లోడు లారీ ఒకటి వెళ్తోంది. "పక్కకు తీశాక గేరు దించుదామనుకోకు. దాని వెనకాల ఉండగానే మూడుకు దించు. టర్బో అందుకుందని చెవికి తెలిశాక, ఎదర ఖాళీ ఉంటే అప్పుడు బయటికి రా." తొక్కినా ఏమీ జరగని ఆ క్షణం, లారీ పక్కన సగం దాటుతున్నప్పుడు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు, ఈ మాట విలువ తెలుస్తుంది. పెట్రోల్ మీద నేర్చుకున్నవాళ్ళు డీజిల్‌కు మారేటప్పుడు ఒక్క సంగతే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం. చప్పుడు, వణుకు, బరువు అన్నీ రెండు రోజుల్లో అలవాటైపోతాయి. ఈ ముందుచూపు కావాలని నేర్చుకుంటే గానీ రాదు.

రాత్రి మారేడుమిల్లిలో బస. బొంగు చికెన్ తిన్నాం. పిన్ని శుక్రవారం నీచు ముట్టదు కాబట్టి ఆవిడకు పెరుగన్నం, అరటిపళ్ళు.

శనివారం – మారేడుమిల్లి ఘాట్, చింతూరు, భద్రాచలం

పొద్దున్న టిఫిన్ చేసి, అడవిలోకి ఎండ దిగాక బయల్దేరాం. చీకట్లో, మంచులో ఈ ఘాట్ ఎక్కొద్దన్నది బాబాయి గట్టి నియమం. రోడ్డు కొన్నిచోట్ల రెండు బండ్లకు సరిపోయీ సరిపోనట్టు ఉంటుంది. పక్కన లోయ, వెదురు పొదలు, ఎక్కడినుంచో నీళ్ళ చప్పుడు. కిటికీలు దించమన్నాడు. ఎదుటి బండి హారన్ వినపడాలి, మన ఇంజన్ గోడకు కొట్టుకుని తిరిగొచ్చే చప్పుడూ వినపడాలి.

ఎక్కుడులో మొదటి పెద్ద మలుపు దగ్గర పరీక్ష ఎదురైంది. మూడో గేరులో వస్తున్నాం. మలుపు తిరిగేసరికి వేగం ఇరవైకి పడిపోతుంది, మూడో గేరులో ఆ వేగానికి టర్బో నిద్రపోతుంది, ఎదురుగా నిటారు ఎక్కుడు. బాబాయి మలుపుకు చాలా ముందే వేళ్ళతో రెండు చూపించాడు. రెండో గేరులోకి దించి, చప్పుడు చిక్కబడ్డాక స్టీరింగ్ తిప్పాను. బండి ఎక్కడా తడబడకుండా గోడ వెంట పాకినట్టు పైకి లాగేసింది. యాక్సిలరేటర్ సగం కూడా తొక్కలేదు. ఇదే చోట ఆల్టో అయితే నలుగురు ఎక్కితే ఏసీ ఆపి, ఫస్ట్ గేర్లో అరుచుకుంటూ ఎక్కాలి. డీజిల్ బండి మీద నాకు మనసైందంటే ఆ మలుపు దగ్గరే.

ఆ తర్వాత ఒక పద్ధతి కుదిరింది. మలుపు కనపడగానే వేగం తగ్గించి గేరు దించడం, హారన్ కొట్టడం, అప్పుడే తిరగడం. ఒకచోట పైనుంచి దిగుతున్న జీపు మాకు దారిచ్చి ఆగింది. కొండ రోడ్డు మీద ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది చట్టంలోనే ఉంది. ఎక్కుడులో ఆగితే మళ్ళీ కదలడం కష్టం కాబట్టి. మరోచోట బస్సు కోసం మేమే ఎక్కుడులో ఆగాల్సి వచ్చింది. హ్యాండ్ బ్రేక్ వేసి, క్లచ్ పట్టేదాకా వదిలి, ముందుభాగం కాస్త లేచినట్టు అనిపించగానే బ్రేక్ దించితే బండి అంగుళం కూడా వెనక్కి జారకుండా కదిలింది. హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కిపట్టి, బండిని నిలబెట్టడం మాత్రం బాబాయికి అస్సలు గిట్టదు. ఈ ఇంజన్ బలానికి క్లచ్ ప్లేటు కాలిపోవడం ఎంతోసేపు పట్టదంటాడు. ఘాట్‌లో ఆ కమురు వాసన వస్తే ముందు ఏదో బండి ప్లేట్లు పోయాయని గుర్తట.

దిగుడు మొదలయ్యాక ఇంకో విషయం తెలిసింది. నేను విన్నంతలో డీజిల్ బండికి ఇంజన్ బ్రేకింగ్, అంటే కాలు తీసినప్పుడు ఇంజనే బండిని పట్టి ఆపడం, బాగా గట్టిగా ఉంటుంది. అసలు సంగతి అంత సూటిగా లేదు. పెట్రోల్ ఇంజన్లో కాలు తీయగానే గాలి దారి మూసుకుపోతుంది, గాలి అందక ఇంజన్ బండిని వెనక్కి పట్టి లాగుతుంది. డీజిల్‌లో గాలి దారి అలా మూసుకోదు. నొక్కిన గాలి మళ్ళీ పిస్టన్‌ను కిందకు తోసేస్తుంది కాబట్టి పట్టు అనుకున్నంత ఉండదు. అందుకే బస్సులకు, లారీలకు ఎగ్జాస్ట్ బ్రేక్ అని విడిగా పెడతారు. పొగ గొట్టానికి అడ్డంగా ఒక తలుపు మూసి ఇంజన్ వదిలే గాలిని బిగబడతారు. బాబాయి బస్సుకు అది ఉండేది, ఈ కారుకు లేదు. కాబట్టి రెండో గేరులో దిగడం, వేగం పెరుగుతుందనిపిస్తే బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి వదలడం, మళ్ళీ గేరుకు అప్పగించడం. బ్రేకు మీద కాలు ఆనించి దిగుతూ పోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది.

న్యూట్రల్ చేసి దింపితే డీజిల్ మిగులుతుందని చాలామంది అనుకుంటారు. బాబాయి ఈ మాట వినగానే కోపంగా తల అడ్డంగా ఊపాడు. గేరులో ఉండి కాలు తీసేస్తే ఇంజన్‌కు డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తేనే ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది. ఇంజనే ఆపేసి దింపేవాళ్ళు ఇంకా పెద్ద ముప్పు తెచ్చుకుంటారు. బ్రేకు తేలిగ్గా పడటానికి కావలసిన వాక్యూమ్ డీజిల్ బండిలో విడిగా ఒక పంపు తయారుచేస్తుంది, ఇంజన్ ఆగితే ఆ పంపూ ఆగుతుంది. నాలుగుసార్లు నొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ కూడా పోతుంది. ఈ లోయల పక్కన ఆ రెండూ లేకుండా దిగడం తలుచుకుంటేనే టెన్షన్.

చింతూరు చేరాక టీ కోసం ఆగాం. ఆగగానే తాళం తీయొద్దని, ఒక నిమిషం ఇంజన్ అలా నడవనివ్వమని అన్నాడు. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దాని ఇరుసుకు ఆధారం ఇంజన్ ఆయిలే. ఘాట్ దిగి వేడిమీద ఉండగా టక్కున ఆపేస్తే ఆయిల్ ఆగిపోతుంది, లోపల మిగిలింది మాడుతుంది. పిన్ని ఆ నిమిషంలో సంచులు సర్దుకుంది. శబరి ఒడ్డున కాసేపు నిలబడ్డాం. ఈ నది ఇక్కణ్ణుంచి వెళ్ళి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది.

చింతూరు నుంచి భద్రాచలం రోడ్డు సాఫీగా సాగింది. సాయంత్రం దర్శనం బాగా జరిగింది. పిన్ని మొక్కు తీరింది.

ఆదివారం – భద్రాచలం నుంచి హైదరాబాద్

మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. గోదావరి వంతెన దాటి, సారపాక, పాల్వంచ, కొత్తగూడెం. ఆ దారంతా బొగ్గు లారీలు, కాగితపు మిల్లుకు వెళ్ళే కలప లారీలు. శుక్రవారం నేర్చుకున్న ఓవర్‌టేక్ పద్ధతి ఇక్కడ పదేపదే పనికొచ్చింది. కొత్తగూడెం దాటేసరికి బాబాయి చెప్పడం మానేసి కునుకు తీశాడు. నా డ్రైవింగ్‌కు ఇంతకన్నా మెప్పు ఇంకేం కావాలి!

ఖమ్మం నుంచి సూర్యాపేట నాలుగు వరసల రోడ్డు. ఐదో గేరులో తొంభై మీద సూది రెండు వేల దగ్గర కదలకుండా నిలబడింది. టకటక చప్పుడు ఎటుపోయిందో, టైర్ల చప్పుడే వినిపిస్తోంది. ఇంజన్ ఊపిరి తీసుకోవడానికి కూడా కష్టపడట్లేదు. ఆల్టోలో ఇదే వేగానికి గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళం.

సూర్యాపేటలో మళ్ళీ ఫుల్ ట్యాంక్ చేయించి లెక్క కట్టాం. ఘాట్‌తో సహా లీటరుకు 20 దాటింది. ఆర్టీసీలో డ్రైవరు పనితనాన్ని కేఎంపీఎల్‌తో (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) కొలుస్తారు, ఎక్కువ తెచ్చినవాళ్ళను పిలిచి సత్కరిస్తారు. ఆ అంకె విన్నాక బాబాయి మొహం వెలిగిపోయింది, బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దారిలో ఈ బండ్ల కథ కూడా చెప్పుకున్నాం. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేదాకా పెట్రోల్‌కు, డీజిల్‌కు చాలా తేడా ఉండేది, అప్పుడు కారు కొనేవాళ్ళు డీజిల్ వైపే మొగ్గేవాళ్ళు. ఫియట్ రూపొందించిన ఇదే 1.3 లీటర్ల ఇంజన్ స్విఫ్ట్, పుంటో, ఇండికా విస్టా లాంటి ఎన్నో కార్లలో పనిచేసింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లే మానేసింది. ఇప్పటి డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పూర్తిగా సిటీలోనే కొద్దికొద్ది దూరాలు తిప్పితే అది పూడుకుపోతుంది, అప్పుడప్పుడూ హైవే మీద వేడెక్కేలా నడిపితేనే ఆ మసి కాలిపోతుంది. బాబాయి బండి అంతకుముందుది, ఆ బాధ లేదు. పొగ ఎక్కువ వదులుతుందన్నదీ నిజమే. అందుకే దీన్ని అవసరమైన దారులకే తీయాలని నిర్ణయించుకున్నాను.

సోమవారం – హైదరాబాద్

పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠి దాకా వెళ్ళొచ్చాను. ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలేస్తే యాక్సిలరేటర్ లేకుండా బండి తనే పాకుతోంది, కుడికాలికి విశ్రాంతి. ఎడమకాలికి మాత్రం నరకం. రోజూ పదిపన్నెండు కిలోమీటర్లు సిగ్నళ్ళ మధ్య తిరిగేవాళ్ళకు డీజిల్ కారు కొనమని నేను చెప్పను. ఇంజన్ వేడెక్కేలోపు ఆఫీసు వచ్చేస్తుంది. ఊళ్ళకు తిరిగేవాళ్ళు, నలుగురైదుగురు సామానుతో కొండదారులు పట్టేవాళ్ళు మాత్రం ఒకసారి నడిపి చూడాలి. ఆఫీసుకు నేను ఎప్పటిలాగే మెట్రోలో వెళ్తాను.

బాబాయిని, పిన్నిని రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. సంక్రాంతికి మళ్ళీ గోకవరం వెళ్తున్నాను, ఇదే బండిలో, ఇదే దారిలో. ఈసారి భద్రాచలం వైపు నుంచి కాబట్టి మొన్న దిగిన మలుపులన్నీ ఎక్కాలి. ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసం ఫారం 28, పేరు మార్పిడికి 29, 30 మీద బాబాయి సంతకాలు అప్పుడే తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ 2028 దాకా ఉంది. ఈలోగా సర్వీసింగ్‌లో డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్ళు తీయించమని, క్లచ్ ప్లేట్లు ఎంత అరిగాయో చూపించమని బాబాయి రైలు కదిలేదాకా చెబుతూనే ఉన్నాడు. మెకానిక్ గురువారం రమ్మన్నాడు.